మాత్ర మింగినప్పటి నుంచి ఛాతీ మధ్యలో నొప్పి, గుటక పడట్లేదు

వానమబ్బు
అందరికీ నమస్కారం. మొటిమలకని స్కిన్ డాక్టర్ డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ రాశారు, రాత్రికి ఒకటి. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. మొన్న తెల్లవారుజామున ఛాతీ ఎముక వెనకాల, సరిగ్గా నడిమధ్యలో, నొప్పితో మెలకువ వచ్చింది. లేచి నీళ్లు తాగితే అవి ఎక్కడిదాకా దిగాయో వేలు పెట్టి చూపించగలను, అక్కడికి రాగానే భగ్గుమంది. అప్పటి నుంచి ఉమ్మి మింగాలన్నా భయమే. ముద్ద మింగితే నొప్పి వీపులోకి పాకుతోంది.

గుండె నొప్పేమోనని ఇంట్లో అందరూ టెన్షన్ పడి వెంటనే తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తపరీక్ష బాగానే ఉన్నాయన్నారు. గ్యాస్ అని ఒక సిరప్ ఇచ్చి పంపేశారు. దానితో ఏమీ తగ్గలేదు. నాకు ఇంతకుముందు గ్యాస్ ట్రబుల్ అంటేనే తెలియదు, వయసు కూడా ఇరవైల్లోనే. ఈ క్యాప్సూల్ వల్ల ఇలా అవుతుందా? ఇవాళ రాత్రిది వేసుకోవాలా, వద్దా?

కాకిగోల
గ్యాసే అయ్యుంటుంది బ్రదర్. నాకూ గుండెల్లో మంట వస్తూ పోతూ ఉంటుంది, యాంటాసిడ్ వేసుకుని పడుకుంటే పొద్దునకు మాయం. ఏదైనా గట్టి ముద్ద నమలకుండా మింగి చూడు. అడ్డం ఉన్నది కిందికి పోతుంది.

ఫార్మా_అక్క
కాకిగోల గారూ, ఆ ముద్ద సలహా మాత్రం వద్దండీ. లోపల పుండు పడి ఉంటే గట్టి ముద్ద దాన్ని గీసుకుంటూ పోతుంది.

వానమబ్బు గారూ, నేను మందుల కౌంటర్ వెనక ఉండే మనిషిని, డాక్టర్‌ని కాదు. ముందు ఇది చెప్పండి. క్యాప్సూల్ ఎన్ని నీళ్లతో వేసుకుంటున్నారు? వేసుకున్నాక ఎంతసేపటికి పడుకుంటున్నారు? నొప్పి మొదలైన రోజు ముందు రాత్రి గొంతు కింద ఏదో ఆగినట్టు అనిపించిందా?

ఇక ఇవాళ్టి క్యాప్సూల్ సంగతి. రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి, నొప్పి ఎక్కడ ఉందో, ఎలా ఉందో చెప్పండి. ఆయన సరేననేదాకా వేసుకోవద్దు. మొటిమల మందు ఒక పూట ఆగితే కొంప మునిగేదేమీ లేదు. ఇదే మందు ఏదైనా పెద్ద ఇన్‌ఫెక్షన్‌కు వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా మానేయకూడదు, బదులు మందు వెంటనే రాయించుకోవాలి.

వానమబ్బు
అక్కా, మంచం పక్కన బాటిల్ ఉంటుంది. ఒక గుక్కతో వేసుకుని లైటు ఆర్పేస్తాను. అన్నీ ముగించుకుని చివర్లో వేసుకుంటే మర్చిపోకుండా ఉంటుందని అలా అలవాటు. ఆ రాత్రి గొంతు కింద ఏదో ఉన్నట్టు అనిపించిన మాట నిజమే. ఇంకో గుక్క తాగాను, పోయిందనుకున్నాను. చీటీలో "రాత్రి 1" అని తప్ప ఇంకేమీ లేదు.

స్కోప్_గది
నేను జీర్ణకోశ వైద్యుణ్ని. మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసిందంతా ఒకే వైపు వేలు చూపిస్తోంది. వయసులో ఉన్న మనిషి, పాత జబ్బులేమీ లేవు, డాక్సీసైక్లిన్, గుక్కెడు నీళ్లు, వెంటనే పడక, తెల్లారేసరికి ఛాతీ ఎముక వెనక నొప్పి, గుటకకూ గుటకకూ పోటు. మాత్ర అన్నవాహికలోనే ఆగిపోయి, అక్కడే కరిగి, ఆ గోడను కాల్చడం వల్ల వచ్చే పుండు ఇలాగే ఉంటుంది. దీన్ని పిల్ ఈసోఫజైటిస్ అంటాం. మందు వాడేవాళ్లందరి లెక్కలో చూస్తే అరుదే. అయినా ఎండోస్కోపీ చేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే కేసు.

చాలామంది నోట్లో వేసుకున్న మాత్ర నేరుగా కడుపులో పడిపోతుందనుకుంటారు. మధ్యలో సుమారు 25 సెం.మీ. పొడవున్న కండర గొట్టం ఉంది. అది అంతటా ఒకే వెడల్పు కాదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపు తిరిగే చోట, ఎడమ ఊపిరితిత్తికి గాలి తీసుకెళ్లే గొట్టం ఆనుకునే చోట కాస్త నొక్కుకుని ఉంటుంది. కడుపులోకి తెరుచుకునే కింది చివర మళ్లీ బిగువు. మాత్రలు ఎక్కువగా ఆగేది ఆ ధమని వంపు దగ్గరే. మీరు వేలు పెట్టి చూపించగలనన్న చోటు దాదాపు అదే అయ్యుంటుంది.

జెలటిన్ క్యాప్సూల్ కొంచెం తడిస్తే చాలు, పెదవికి తడి కాగితం అతుక్కున్నట్టు గోడకు పట్టేస్తుంది. పడుకుంటే కిందికి లాగే బరువు సాయం పోతుంది. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది, మింగడమూ తగ్గిపోతుంది. దాంతో కదిలించేదీ లేదు, కడిగేదీ లేదు. డాక్సీసైక్లిన్ నీటిలో కరిగితే గట్టి ఆమ్లం. నాణెమంత జాగాలో గంటల తరబడి అదే ఆమ్లం నిలిచి ఉంటే ఆ పొర తట్టుకోలేదు.

యాంటాసిడ్‌తో ఎందుకు తగ్గలేదంటారా? ఇది కడుపులోంచి పైకి ఎగదన్నిన ఆమ్లంతో వచ్చిన మంట కాదు, పైనుంచి దిగిన మందు చేసిన గాయం.

గుండె పరీక్షలు ముందు చేయించడం మాత్రం నూటికి నూరు పాళ్లు సరైన పని. ఛాతీ నొప్పి ఏ వయసులో వచ్చినా, మాత్ర మీద ఎంత అనుమానం ఉన్నా, మొదట చూడాల్సింది గుండెనే.

ఇక ఆగకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన సందర్భాలున్నాయి. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా, సొంత ఉమ్మి కూడా దిగకుండా బయటికి కారుతున్నా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే చిటపటమన్నా రేపు చూద్దాంలే అనుకోకండి. పుండు గోడను తొలిచేసి చిల్లు పడడం చాలా అరుదు, కానీ పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎత్తుమెట్లు
ఇదంతా వినడానికి బాగుంది గానీ, నేను ఊహ తెలిసినప్పటి నుంచి మాత్రలు నీళ్లు లేకుండానే మింగుతాను. ఏమీ కాలేదు. మా ఇంట్లో అందరూ అంతే. ప్రతిదానికీ భయపెట్టేస్తే మందులు వేసుకునేవాళ్లు కూడా మానేస్తారు.

స్కోప్_గది
భయపెట్టడం కాదండీ. అన్ని మాత్రలూ కాల్చవు, అందుకే మీకేమీ కాలేదు. పారాసెటమాల్ కాసేపు ఆగినా సాధారణంగా ఊరికే కరిగిపోతుంది. కానీ ఆగడం మాత్రం మీరనుకున్నంత అరుదు కాదు. 1982లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఏ జబ్బూ లేని 121 మందికి రకరకాల ఆకారాల మాత్రలు, క్యాప్సూళ్లు ఇచ్చి, అవి ఎలా దిగుతున్నాయో ఎక్స్‌రే మీద చూశారు. ఆరోగ్యవంతుల్లోనూ మాత్రలు దారిలో అతుక్కున్నాయి. చివరికి వాళ్లు చెప్పిన సలహా: కనీసం 100 మి.లీ. నీళ్లతో మింగండి, మింగాక కనీసం 90 సెకన్లు నిలబడి ఉండండి. పరీక్షల్లో తేలిన కనీసం ఇది. పుండు పెట్టే పేరున్న మందులకు ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త చెబుతాం, గ్లాసు నిండా నీళ్లు, అరగంట పడక లేకుండా.

ఎత్తుమెట్లు
90 సెకన్లా? అంతేనా? అది సరే. ఇంతకీ ఆ పేరున్న మందులేంటో చెప్పండి మరి.

ఫార్మా_అక్క
కౌంటర్‌లో నేను ఆగి మరీ చెప్పేవి చెబుతాను. యాంటీబయాటిక్‌లలో డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్, క్లిండామైసిన్. ఎముకలు గుల్లబారినవాళ్లు వాడే అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్. పొటాషియం క్లోరైడ్ మాత్రలు. ఐరన్ మాత్రలు. నొప్పి మాత్రల్లో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే డాబిగాట్రాన్, దాని క్యాప్సూల్లో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. విటమిన్ సి కూడా. విటమినే కదా అని దాన్ని ఎవరూ లెక్కచేయరు.

పేరు లేనివి ఇంకా పదుల కొద్దీ ఉన్నాయి. అందుకే జాబితా బట్టీ పట్టడం కన్నా ప్రతి మాత్రకూ గ్లాసు నీళ్లు అనుకుంటే సరిపోతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి, ఆ కొలతలోనే మాత్రల నీళ్లు కూడా లెక్కేసుకోవాలి.

నీలాటిరేవు
అలెండ్రోనేట్ పేరు చూసి ఆగాను. మా అత్తయ్య వారానికోసారి 70 మి.గ్రా. మాత్ర వేసుకుంటారు. పరగడుపున వేసుకోమన్నారని తెల్లవారకముందే లేచి, మాత్ర వేసుకుని, ఇంకా చీకటిగానే ఉంది కదా అని మళ్లీ దుప్పటి కప్పుకుంటారు. వారం వారం ఆ రోజంతా "గుండెల్లో ఏదో గుచ్చుతోందే అమ్మాయ్" అంటూ ఉంటారు. మేమేమో వయసు మీద పడిందిలే అనుకుంటున్నాం. దీనికీ దానికీ సంబంధం ఉందా?

స్కోప్_గది
చాలా ఉండొచ్చు. ఈ వారం మాత్ర వేయకముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఆగమంటున్నది ఎందుకంటే, అలెండ్రోనేట్ వాడేవాళ్లకు మింగేటప్పుడు నొప్పి గానీ కొత్తగా ఛాతీ మంట గానీ వస్తే మందు ఆపి చూపించుకోవాలన్నది ఆ మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది, 1996కే అన్నవాహిక దెబ్బతిన్న కేసులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. వాళ్లలో చాలామంది నీళ్లు తక్కువ తాగినవాళ్లు, లేదా వేసుకుని నడుం వాల్చినవాళ్లు.

మీ అత్తయ్యగారికి ఒక్క సంగతి అడ్డం తిరుగుతోంది. పరగడుపున అన్నది ఆవిడ చెవిన పడింది, పడుకోకూడదన్నది పడలేదు. ఉదయం పక్క దిగి, ఇక ఆ రోజుకు లేచినట్టే అనుకున్నాక వేసుకోవాలి. 180 నుంచి 240 మి.లీ. మామూలు నీళ్లు. కాఫీతో గానీ పళ్లరసంతో గానీ వేసుకుంటే ఒంటికి పట్టేది సగానికి పైగా తగ్గిపోతుంది. నమలకూడదు, చప్పరించకూడదు. ఆ తర్వాత కనీసం 30 నిమిషాలు కూర్చోవచ్చు, నిలబడొచ్చు, నడవొచ్చు, ఆ తర్వాత ఏదైనా తినేదాకా వాలకూడదు. ఇదే కుటుంబంలోని ఐబాండ్రోనేట్‌కైతే 60 నిమిషాలు.

నీలాటిరేవు
నడుము వంగిపోయి ఉంది డాక్టర్ గారూ, అరగంట నిటారుగా కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పది నిమిషాలకే ఒరిగిపోతారు.

స్కోప్_గది
అలాంటప్పుడు ఈ మాత్ర ఆవిడకు తగినది కాదు. అరగంట కూర్చోలేనివాళ్లకు, అన్నవాహిక సన్నబడినవాళ్లకు దీన్ని రాయకూడదనే నియమం. ఎముకల మందు మానేయమని కాదు. జోలెండ్రోనిక్ యాసిడ్ అని ఏడాదికోసారి నరానికి ఎక్కించేది ఉంది, కిడ్నీ పరీక్ష చేసి ఇస్తారు. గొంతు దారే అక్కర్లేదు. "కూర్చోలేకపోతున్నారు" అన్న ముక్క ఆవిడ డాక్టర్‌కు చెవిన వేస్తే వాళ్లే మారుస్తారు.

పాతగడియారం
మా నాన్నగారి విషయం. గుండె కవాటం జబ్బు, గుండె ఎడమ పైగది బాగా పెద్దదైందని ఎకో స్కాన్‌లో ఉంది. నీరు పోవడానికి మాత్రలు, వాటితో పొటాషియం పడిపోతుందని పొటాషియం మాత్రలు. అవేమో వేలి కణుపంత ఉంటాయి. ఈమధ్య గట్టి పదార్థం దిగట్లేదని మెత్తనివే తింటున్నారు. నొప్పి లేదంటున్నారు కాబట్టి ఊరుకున్నాం.

స్కోప్_గది
దయచేసి ఊరుకోకండి. గుండె ఎడమ పైగది అన్నవాహికకు సరిగ్గా ముందుంటుంది. అది ఉబ్బితే వెనకున్న గొట్టాన్ని నొక్కుతుంది, మాత్రలకు అక్కడ ఆనకట్ట కట్టినట్టే. ఈ జబ్బు వైద్య పత్రికల్లోకి మొదట ఎక్కిందే పొటాషియం మాత్రల వల్ల, 1970లో. అప్పట్లో దెబ్బతిన్నవాళ్లలో మీ నాన్నగారిలాంటి గుండె రోగులే ఎక్కువ.

నొప్పి లేకపోవడం ఇక్కడ ఊరట కాదు. పొటాషియం చేసిన పుండు మాని, మచ్చ కట్టి, దారినే సన్నం చేసేస్తుంది. ముందు గట్టివి దిగవు, తర్వాత మెత్తనివి కూడా. అలా సన్నబడితే ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు. ఇంకో సంగతి, గట్టి ఆహారం దిగకపోవడానికి ఆ వయసులో క్యాన్సర్‌తో సహా వేరే కారణాలు కూడా ఉంటాయి. మాత్ర మీదికి నెట్టేసి కూర్చోకుండా ఈ వారంలోనే చూపించండి. పొటాషియం ద్రవ రూపంలో ఉంటుంది, నీళ్లలో కలిపి ఇస్తారు. రుచి ఘోరంగా ఉంటుందని తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి.

కాకిగోల
అంత గొడవెందుకు, మాత్రను పొడి కొట్టి నీళ్లలో కలిపేస్తే పోలేదా? మా పిన్ని అన్ని మాత్రలూ అలాగే ఇస్తుంది మా బాబాయికి.

ఫార్మా_అక్క
అయ్యో, అన్నీనా! వెంటనే ఆపించండి. పొటాషియం మాత్రలు చాలావరకు మెల్లమెల్లగా కరిగేలా చేసినవి. పొడి కొడితే గంటల మీద విడుదల కావాల్సింది ఒక్కసారిగా పడుతుంది. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి లోపలి గింజలు పోస్తే మందు ఒంట్లోకి 75 శాతం దాకా ఎక్కువ ఎక్కుతుందని కంపెనీ కాగితంలోనే ఉంది. రక్తం పలుచన చేసే మందుకు అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అలెండ్రోనేట్ పొడి చేస్తే గొంతు నుంచే కాల్చుకుంటూ పోతుంది. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్, సీఆర్ లాంటి అక్షరాలు ఉంటే అవి మెల్లగా కరిగే రకాలు, అసలు పొడి కొట్టొద్దు. పొడి చేయదగ్గ మాత్రలు కూడా చాలానే ఉన్నాయి. కానీ ఏది ఏదో ఒక్కొక్క పేరూ చూసి చెప్పాల్సిందే. మీ బాబాయిగారి మాత్రల పేర్లన్నీ దగ్గర్లోని ఫార్మసిస్ట్‌కు ఒకసారి చూపించమనండి.

చిట్టిగువ్వ
నాకు ఆరో నెల. ఐరన్ మాత్ర రాత్రి పడుకునేముందు వేసుకోమన్నారు, వికారం తెలియకుండా ఉంటుందని. ఇదంతా చదివాక గుండె దడ. మానేయనా?

ఫార్మా_అక్క
మానేయకండి తల్లీ, మీకూ లోపలి బిడ్డకూ అది కావాలి. పడుకునేముందు అన్నదాన్ని గంట ముందుకు జరపండి చాలు. గ్లాసు నీళ్లతో వేసుకుని, పనులు చూసుకుని, తర్వాత పడుకోండి. అసలే ఈ నెలల్లో పుల్లత్రేన్పులు, ఛాతీ మంట మామూలు కాబట్టి దానికీ దీనికీ తేడా తెలియాలి. తిన్న గంటకో వంగినప్పుడో మంట వచ్చి పోతుంటే అది వేరు. మింగిన ప్రతిసారీ ఒకే చోట పోటు వస్తే డాక్టర్‌కు చెప్పి సిరప్‌కు మార్పించుకోండి.

మినుగురు
నా సమస్య వేరే. నాకు మాత్ర నాలుక మీదే ఉండిపోతుంది. తల ఎంత పైకెత్తి మింగినా దిగదు, రెండు గ్లాసులు ఖాళీ అవుతాయి గానీ మాత్ర అక్కడే ఉంటుంది.

స్కోప్_గది
తల పైకెత్తడం మానేసి చూడండి. జర్మనీ పరిశోధకులు 2014లో దీని మీదే ప్రయోగం చేసి పత్రికలో వేశారు. క్యాప్సూల్ నీటి కన్నా తేలిక, నోట్లో నీళ్ల మీద తేలుతుంది. తల ఎత్తితే అది పళ్ల వైపుకు వస్తుంది. నాలుక మీద పెట్టుకుని, నీళ్లు నోట్లోకి తీసుకుని, గడ్డం ఛాతీ వైపు వంచి మింగితే గొంతు వైపుకు తేలి నీళ్లతో పాటు దిగిపోతుంది. బరువైన మాత్రకు ఇంకో పద్ధతి చెప్పారు: మెత్తని ప్లాస్టిక్ బాటిల్ మూతిని పెదవులతో బిగించి, గాలి చొరబడకుండా పీల్చుకుంటూ మింగడం. బాటిల్ సొట్ట పడాలి.

ఇవి నోట్లోంచి గొంతులోకి దించడానికి పనికొస్తాయి. ఆ తర్వాతి 25 సెంటీమీటర్లకు మళ్లీ నీళ్లూ, నిటారుగా ఉండడమే. తరచూ పొలమారేవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఈ పద్ధతులు ఇంట్లో ప్రయత్నించకండి, మింగే శక్తిని ముందు పరీక్ష చేయించాలి.

మినుగురు
క్యాప్సూల్ లేదు గానీ ఇప్పుడే ఒక విటమిన్ మాత్ర బాటిల్ పద్ధతిలో వేసి చూశాను. బాటిల్ టప్పున సొట్టపడింది, మాత్ర ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేంటండీ ఇది!

వానమబ్బు
అప్‌డేట్. స్కిన్ డాక్టర్ వెంటనే క్యాప్సూల్ ఆపమన్నారు, పూత మందు రాశారు. జీర్ణకోశ డాక్టర్ నేను చెప్పింది విని, నొప్పి తగ్గట్లేదని ఎండోస్కోపీ చేశారు. అన్నవాహిక మధ్యలో ఎదురెదురు గోడల మీద రెండు పుండ్లు, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా. వాటికి పైనా కిందా పొర మామూలుగా, గులాబీ రంగులో మెరుస్తూ ఉంది. ఫొటో నా చేతికిచ్చారు. కడుపు కూడా శుభ్రంగా ఉందట. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, పుండుకు సుక్రాల్ఫేట్ సిరప్, తినేముందు గొంతు తిమ్మిరెక్కించే జెల్ లాంటిది ఇచ్చారు. ఇవాళ మెత్తనివి కాస్త దిగుతున్నాయి. ఇది మానడానికి ఎన్నాళ్లు పడుతుంది? మళ్లీ స్కోప్ చేస్తారా?

స్కోప్_గది
ఎదురెదురు పుండ్లను మేం కిస్సింగ్ అల్సర్స్ అంటాం. మధ్యలో ఇరుక్కున్న క్యాప్సూల్ రెండు వైపులా తగలడంతో వచ్చినవి. చుట్టూ పొర బాగుండటం కూడా మాత్ర పనే అనడానికి గుర్తు, ఎగదన్నే ఆమ్లం వల్లయితే కింది చివర నుంచి మొదలయ్యేది.

కారణమైన మందు ఆగింది కాబట్టి చాలామందికి కొద్ది రోజుల్లో నొప్పి దిగొస్తుంది, కొన్ని వారాల్లో పూర్తిగా మానుతుంది. పూర్తిగా తగ్గితే చిన్న వయసులో రెండో స్కోప్ సాధారణంగా అక్కర్లేదు. తగ్గకపోయినా, ముద్ద అడ్డం పడుతున్నా చేస్తారు. మరీ వేడివి, కారం, పులుపు కొన్నాళ్లు పక్కన పెట్టండి. నొప్పికని ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం వేసుకోకండి.

సుక్రాల్ఫేట్ గురించి ఒక్క మాట. అది పుండు మీద పూతలా పరుచుకుంటుంది, అదే పద్ధతిలో ఇతర మందులను కూడా పట్టి ఉంచేస్తుంది. థైరాయిడ్ మాత్రో, కొన్ని యాంటీబయాటిక్‌లో వాడుతుంటే మధ్యలో ఎడం కావాలి. ఎంత ఎడం అన్నది మీ డాక్టర్‌ని అడగండి.

ఎత్తుమెట్లు
నాకిప్పుడు కోపం వస్తోంది. ఒక్క వాక్యం, "నిండు గ్లాసు నీళ్లతో, పడుకోవద్దు" అని రాయడానికి డాక్టర్‌కు ఏం నొప్పి? "రాత్రి 1" అని గిలికి పంపేస్తే పేషెంట్ ఏం చేస్తాడు? గ్యాస్ అని పంపినవాళ్లను కూడా వదలకూడదు.

ఫార్మా_అక్క
కోపం న్యాయమే. అది చెప్పాల్సింది రాసే డాక్టరొక్కరే కాదు, ఇచ్చే మేము కూడా. క్యూ పెద్దదిగా ఉంటే కవర్లో పెట్టి చేతికిచ్చేస్తారు. డాక్సీసైక్లిన్ కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, పడుకునేముందు వేసుకున్నవాళ్లలోనే ఈ పుండ్లు ఎక్కువగా వచ్చాయని. కానీ స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేటప్పుడు ఆ కాగితం పేషెంట్ దాకా రాదు కదా. నేనైతే కవరు మీద స్కెచ్ పెన్నుతో గ్లాసు బొమ్మ గీసి, పక్కన మంచం బొమ్మ వేసి కొట్టేస్తాను. నవ్వుకుంటూనే తీసుకుంటారు, కానీ గుర్తుంటుంది.

స్కోప్_గది
గ్యాస్ అన్నవాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టను. ఎమర్జెన్సీలో గుండె కాదని తేల్చడమే మొదటి పని, అది చేశారు. అయితే "కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్న ప్రశ్న వేసుంటే ఇదంతా అక్కడే తెమిలేది. ఆ ప్రశ్న వాళ్లు వేయకపోతే మనమే చెప్పాలి. చర్మానికి వాడే మందుకూ ఛాతీ నొప్పికీ ఏం సంబంధం అని చాలామంది చెప్పరు.

నిర్వాహకుడు
ఆసుపత్రుల పేర్లు అడుగుతూ వచ్చిన రెండు మెసేజీలు తీసేశాం. ఇక్కడ పేర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

పాతగడియారం
నాన్నగారిని చూపించాం. దారి సన్నబడిందట, ముక్క తీసి పరీక్షకు పంపారు, వెడల్పు చేయడానికి డేట్ ఇచ్చారు. పొటాషియం ద్రవానికి మార్చారు. డాక్టర్ గారు చెప్పినట్టే తిట్టుకుంటూ తాగుతున్నారు.

గడపదీపం
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా అమ్మ మంచం మీదే ఉంటుంది, కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి. రోజుకు ఐదారు మాత్రలు. పక్కకు తిప్పి స్పూనుతో నీళ్లు పోస్తూ ఒకేసారి అన్నీ వేస్తున్నాను. అలాంటివాళ్లకు ఏం చేయాలి?

ఫార్మా_అక్క
ముందు ఆ జాబితాలో అక్కర్లేనివి ఎన్ని ఉన్నాయో డాక్టర్‌తో కూర్చుని కొట్టేయించండి. ఏళ్ల కిందట మొదలుపెట్టి ఎవరూ ఆపనివి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. మిగిలినవాటిలో సిరప్‌గానో, నీళ్లలో కరిగేదిగానో, చర్మం మీద అంటించే ప్యాచ్‌గానో దొరికేవి మార్పించండి. మాత్రగానే ఉండాల్సినవి ఇద్దరు మనుషులు ఉండే వేళకు జరపండి. తల, వీపు కలిపి లేపి, వెనక దిళ్లు దట్టంగా పెట్టి, కూర్చున్న భంగిమలోకి తెచ్చి ఒక్కొక్కటే వేయండి. వేసేముందు రెండు చెంచాల నీళ్లతో నోరు, గొంతు తడపండి. ముసలివాళ్లకు నోరు ఎండిపోయి ఉంటుంది, కొన్ని మందుల వల్ల ఇంకా ఎండిపోతుంది. చివరి మాత్ర అయ్యాక కూడా నీళ్లు పట్టి, అరగంట అలాగే ఉంచండి. నోరు తెరిపించి చెంపల్లో ఏమైనా మిగిలిందేమో చూడండి. నీళ్లకే దగ్గు వస్తుంటే మాత్రం మాత్రలు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

గడపదీపం
దగ్గు రాదండీ, నీళ్లు బాగానే తాగుతుంది. సాయంత్రం తమ్ముడు వచ్చాక ఇద్దరం కలిసి కూర్చోబెట్టి వేస్తాం. డాక్టర్‌కు జాబితా పంపాను. రెండు మాత్రలు తీసేశారు, ఒకటి సిరప్‌గా దొరుకుతుందట. గుండె మాత్ర ఒకటి మాత్రం మాత్రగానే ఉందట, పేరు చివర ఎక్స్ఎల్ అని ఉంది. మధ్యలో గీత కూడా ఉంది. గీత ఉంటే విరవొచ్చు అంటారు కదా?

ఫార్మా_అక్క
కొన్ని ఎక్స్ఎల్ మాత్రలు గీత దగ్గర రెండు ముక్కలు చేయడానికి వీలుగానే తయారుచేస్తారు, కానీ పొడి చేయకూడదు, నమలకూడదు. అన్నీ అలా కాదు. మందు పూర్తి పేరు, మి.గ్రా. ఇక్కడ పెట్టండి, స్ట్రిప్ వెనక వైపు ఫొటో ఉన్నా సరే. చూసి చెబుతాను. అప్పటిదాకా విరవకుండా నిండు మాత్రే, కూర్చోబెట్టి వేయండి.

గడపదీపం
ఫొటో పెడుతున్నాను అక్కా.